తాళం పోయిన చక్రం

నాగార్జునసాగర్ చూద్దామని పిల్లలతో బయల్దేరాం. ఇబ్రహీంపట్నం దగ్గరే టైరు పంక్చర్! 1550 నుంచి 1580 దాకా గోల్కొండను ఏలిన ఇబ్రహీం కులీ కుతుబ్‌షా తవ్వించాడని చెప్పే పెద్దచెరువు ఇక్కడే ఉంది. ఆగి చూద్దామనుకున్నాం కానీ, ఇలా కాదు.

పంక్చర్ షాపు పెద్దాయన పానాతో నాలుగు నట్లు వదులు చేశాడు. ఐదోది దొంగల భయంతో బిగించే లాకింగ్ నట్. ‘దీని తాళం ఏడుంది సార్?’ అన్నాడు. తాళమంటే ఆ నట్ గాడుల్లో సరిగ్గా కూర్చునే చిన్న సాకెట్. స్టెప్నీ కింద, టూల్‌కిట్‌లో, సీట్ల సందుల్లో వెతికాం. లేదు.

వెల్డింగ్ చేద్దామన్నాడు కుర్రాడు. ‘అల్లాయ్ ఖరాబైతది, ఊకో’ అని కసిరి, పెద్దాయన నట్ కన్నా కాస్త చిన్న సాకెట్‌ను సుత్తితో బిగుతుగా దిగ్గొట్టాడు. జాకీ ఎక్కించకముందే పొడుగు రాడ్ తగిలించి, ఎడమవైపు మెల్లగా బరువేశాడు. టక్! ఊడింది. నట్ చుట్టూ వదులుగా తిరిగే రింగుంటే మాత్రం ఈ ఉపాయం పారదట. పాడైన నట్ బదులు మామూలుది బిగించాడు.

తాళంతో వచ్చే కోడ్ కార్డును ఇంట్లో దాచుకోండి. ఆ నంబరుతో మరో తాళం తెప్పించుకోవచ్చు. మాది ఎక్కడుందో మా ఆవిడకూ తెలీదు!

చెరువుకట్ట ఎక్కేసరికి ఎండ ముదిరింది. సాగర్ ఇంకా వంద కిలోమీటర్లకు పైనే.