రెండా... మూడా?

ఫోన్లో అవతలి మనిషి తొందరపెడుతున్నాడు. 'రెండు వేల అయిదొందలు రిజిస్ట్రేషన్ ఫీజు పంపండి, సాయంత్రానికల్లా లక్షలు మీ ఖాతాలో పడతాయి' అంటున్నాడు. డోర్నకల్‌లోని ఆ ఇంట్లో కుర్రాడు పంపేసేవాడే... 'ఒక్కసారి నన్ను చూడనియ్ రా' అని తాత అడ్డుపడకపోతే!

అది నిజాం కాలపు హాలీ రూపాయి. ఇంట్లో అందరికంటే పెద్దది, తాతకు కన్నతల్లి అయిన అవ్వది. ఆమె పుట్టినప్పుడు తండ్రి కొత్త రూపాయి తెచ్చి తొట్టెలలో వేశాడట. 'నా ఏడు దానిమీదనే ఉన్నది' అంటుందావిడ. ఆ ఏడు ఏదో చదివినవాళ్లు లేరు. రేషన్ కార్డులో ఒక వయసు, ఓటరు కార్డులో ఇంకో వయసు. నూరు దాటిందని మాత్రం వాడకట్టంతా అంటారు.

అవ్వకో పాత బాధ ఉంది. ఆమె మేనత్త కూతురు మిషన్ బడిలో చదువుకుంది. 1924 నవంబర్‌లో పుట్టినట్టు సర్టిఫికెట్ ఉంది. కాగితం ఉన్నదే పెద్దదైపోయింది. జీవితాంతం ఆమెను 'వదినె' అని పిలిచి, పండగ పండక్కీ వంగి దండం పెట్టింది అవ్వే.

తాత రైల్వేలో గార్డుగా చేసి రిటైరయ్యాడు. డోర్నకల్ జంక్షన్‌లో పనిచేసినవాళ్లకు నాణేల కథలు కొత్త కాదు. నిజాం రోజుల్లో బెజవాడ బండెక్కి మధిర దాటితే బ్రిటిష్ ఇలాకా. ఇక్కడ హాలీ, అక్కడ కల్దార్. ఆరు కల్దార్ రూపాయలకు ఏడు హాలీ రూపాయలు లెక్క. హాలీ సిక్కా పూర్తిగా చెల్లకుండా పోయింది 1959లో. ఆ తర్వాత చాలా ఇళ్లలో అవి కంసాలి కుంపటిలో కరిగిపోయాయి. ఇదొక్కటీ ఎలాగో మిగిలింది.

ఇంతకీ కుర్రాడి ఆశంతా చివరి అంకె మీద. ఉర్దూ అంకెల్లో రెండుకీ మూడుకీ తేడా పిసరంతే. నిలువు గీత నెత్తిన ఒక గుంట ఉంటే రెండు, రెండు గుంటలుంటే మూడు. ఈ రూపాయి మీద చార్మినార్ వైపు 1342 కనిపిస్తోంది. కానీ రెండు అంకె పక్కనే ఇంకో పన్ను మొలిచినట్టు సన్నటి గీత! 'రెండు మీద మూడు కొట్టారు, ఇది ఓవర్‌డేట్' అన్నాడు ఫోన్లోని పెద్దమనిషి.

అలాంటివి నిజంగానే ఉంటాయి. కిందటేటి అచ్చు మిగిలితే పారెయ్యకుండా, టంకశాలవాళ్లు పాత అంకె మీదే కొత్త అంకె దిగ్గొట్టేవారు. పాతది అంచుల్లోంచి తొంగిచూసేది. అమెరికాలో 1942 నాటి పది సెంట్ల నాణేల్లో కొన్నింటి మీద 2 కింద 1 కనపడుతుంది. వాటికోసం సేకర్తలు ఎగబడతారు. తేదీలతో తికమకలు మన దగ్గరా తక్కువేం కాదు. విక్టోరియా రాణి రూపాయి మీద 1862 అని ఉంటే అది ఆ ఏడాదిదే అనుకోకూడదు. 1874 దాకా అదే తేదీతో కొట్టారు. అసలు సంవత్సరాన్ని చిన్న చిన్న చుక్కల్లో దాచారు.

తాత నాణేన్ని చింతపండుతో తోమబోయిన కోడల్ని వారించాడు. తోమితే వెండి మెరుస్తుంది, విలువ పోతుంది. కిటికీ దగ్గర, పక్కనుంచి ఏటవాలుగా వెలుతురు పడేలా పట్టుకుని భూతద్దం పెట్టాడు. అచ్చులో గుంటగా ఉన్నది నాణెం మీద ఉబ్బుగా వస్తుంది. కాబట్టి కింద దాగిన అంకె కూడా పైకి ఉబ్బే ఉండాలి. ఈ గీత లోపలికి దిగి ఉంది. అంటే టంకశాల పని కాదు. ఎవరి చేతిలోనో, ఏ పెట్టెలోనో పడ్డ గీటు.

అక్కడితో ఆగలేదాయన. నిజాం నాణెం మీద తేదీ ఒకటి కాదు, రెండు. ఒకటి హిజ్రీ సంవత్సరం, రెండోవైపున జులూస్... అంటే ఏలుబడి సంవత్సరం. చార్మినార్ ద్వారంలో 'ఐన్' అక్షరం ఉంటే ఉస్మాన్ అలీ ఖాన్‌ది, 'మీమ్' ఉంటే తండ్రి మహబూబ్ అలీ ఖాన్‌ది. ఇది ఐన్. ఉస్మాన్ అలీ ఖాన్ గద్దెనెక్కింది 1911 ఆగస్టు 29న, హిజ్రీ 1329 రంజాన్ నెలలో. ఆయన ఏలుబడి లెక్క ఏటా రంజాన్‌లో మారితే, హిజ్రీ సంవత్సరం మొహర్రంలో మారుతుంది. అందుకే ఒకే హిజ్రీ సంవత్సరానికి రెండు ఏలుబడి అంకెలు వస్తాయి. 1343కి 14 గానీ 15 గానీ రావాలి. వెనక్కి తిప్పితే ఉన్నది 13. అంటే 1342 తప్ప ఇంకోటి కుదరదు. ఇంగ్లిషు లెక్కలో 1923 ఆగస్టుకూ 1924 ఏప్రిల్‌కూ మధ్య.

లక్షలు లేవని తేలింది. ఉన్నదల్లా 11 గ్రాముల పైచిలుకు బరువు, అందులో 81.8 శాతం వెండి. పాత నాణేల పేరు చెప్పి, తమ పేరు వాడుకుని ఫీజులడిగేవాళ్లను నమ్మొద్దని రిజర్వు బ్యాంకు 2021 ఆగస్టులోనే హెచ్చరించింది. కుర్రాడు ఆ నంబర్ బ్లాక్ చేశాడు, కాస్త మొహం మాడ్చుకునే.

తొట్టెలలో వేసిన రూపాయి అంతకు ఏడాది ముందు కొట్టిందైనా కావచ్చు కదా? ఆ సంగతి తాతకు తెలుసు. నాణెం చెప్పేది తను పుట్టిన ఏడు గానీ మనుషులు పుట్టిన ఏడు కాదు. కానీ తల్లి మొహం చూశాక ఆ మాట ఆయన నోట రాలేదు. చెవి దగ్గర వంగి 'అమ్మా, నీ రూపాయి ఆమె కంటే ముందుదే' అని మాత్రం అన్నాడు.

అవ్వ కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత బోసినోటితో నవ్వింది.

'గట్లయితే అది నాకు మరదలు గదరా! గిన్నేండ్లు ఉత్తగనే వదినె, వదినె అని పిలిస్తి.'