అడుగుల లెక్క

సెప్టెంబరు సగానికొస్తే మా పల్లె పిల్లలకు బడిలో కూర్చోబుద్ధయ్యేది కాదు. కాలవకు నీళ్ళు వదిలారన్న కబురు మేలూరుకు పోయొచ్చినవాళ్ళు తెచ్చేవాళ్ళు. కబురు ముందొచ్చేది, నీళ్ళు తరువాతెప్పుడో వచ్చేవి. మేము ఆగలేక గట్టు పట్టుకొని ఎదురు పోయేవాళ్ళం. మొదట వచ్చేది నీళ్ళు కాదు, చెత్త. ఎండుటాకులు, తుమ్మకాయలు, తెగిన చెప్పులు, నురుగు. వాటికి ముందు ప్రాణం అరచేత పెట్టుకొని పరిగెత్తే తేళ్ళూ జెర్రులూ. చెత్త వెనక ఎర్ర బురద, దాని వెనక నీళ్ళు. మనిషి నడిచే వేగమే. ఆ నీటి ముందు వెనక్కి వెనక్కి నడుస్తూ దాన్ని ఊళ్ళోకి మేమే పిలుచుకొచ్చినట్టు గొప్పలు పోయేవాళ్ళం. నీళ్ళు మళ్ళించే నీర్‌కట్టి మడ తూము దగ్గర కర్పూరం వెలిగించేవాడు. అవ్వ చెంబుతో తొలి నీళ్ళు ముంచుకొచ్చి వాకిట్లో చల్లేది.

ఈ నీళ్ళు పడమటి సముద్రానికి పోవాల్సినవని బళ్ళో సారు చెప్పినప్పుడు నాకు నమ్మబుద్ధి కాలేదు. పెరియారు పడమటి కొండల్లో పుట్టి కేరళ మీదుగా అరేబియా సముద్రంలో కలిసే నది. కొండల్లో దానికి అడ్డంగా ఆనకట్ట కట్టి, తేక్కడి పక్కన కొండను తొలిచి, ఆ సొరంగంలోంచి నీళ్ళను తూర్పుకు దించి వైగైలో కలిపారు. వైగై మీద 1959లో ఇంకొక ఆనకట్ట వచ్చింది. దాని దిగువన పేరణై దగ్గర కాలవ మొదలవుతుంది. కళ్ళందిరి దాకా ఉన్న 45,000 ఎకరాలకు రెండు పంటలు. కళ్ళందిరి దాటి మేలూరు కాలవ కింద 85,000 ఎకరాలకు పైగా ఉన్నా మాకు ఒక్క పంటే, అదీ పైన నీళ్ళు మిగిలితే. చివరి మడ ఊరివాళ్ళం కాబట్టి పైవాళ్ళందరి దయా మాకు కావాలి, కొండ మీద వానతో సహా.

ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం మా బతుకు. మా తాత చదివింది తమిళ పేపరే, అందులోనూ ఒక్క మూలే. పెరియార్ అణ ఇన్ని అడుగులు, వైగై అణ ఇన్ని అడుగులు అని రోజూ వేసే మూల. టీకొట్లో అది చూసుకొని ఇంటికొచ్చి, "ఈ పొద్దు ఒక అడుగు ఎక్కినాది" అని అవ్వకు చెప్పేవాడు. అణ అంటే ఆనకట్ట. ఆ పెరియార్ అణ ఎట్లుంటుందో ఆయన చూసింది లేదు. ఊళ్ళో చూసినవాళ్ళూ లేరు. అది ఉన్నది కేరళలో, అడవి నడుమ. చూసుకునేది మాత్రం తమిళనాడు. 1886 అక్టోబరులో తిరువాంకూరు రాజుకూ ఇంగ్లీషు సర్కారుకూ మధ్య రాసుకున్న 999 ఏళ్ళ గుత్త కాగితం ఫలితం అది. ఎకరాకు ఏడాదికి అయిదు రూపాయల లెక్కన 8,000 ఎకరాలు. 1970లో ఆ అయిదును ముప్పై చేశారు. అత్తింటి పొలానికి అల్లుడు గట్టు వేయించినట్టుంది ఆ ఏర్పాటు. సరిగ్గా ఉన్నంత కాలం ఎవరికీ గుర్తుండదు.

తాతకు వాళ్ళ తాత చెప్పిన కథల్లో మొదటిది ధాత కరువు. 1876లో మొదలై మదరాసు రాజధానిని ఊడ్చేసిన కరువు. ఆ కరువు చూసినవాళ్ళకు 1895 అక్టోబరు 10న గవర్నరు వెన్‌లాక్ తెరిచిన ఈ ఆనకట్ట దేవుడి పనే. కట్టించిన ఇంజినీరు జాన్ పెన్నీక్విక్. డబ్బు చాలకపోతే సీమలో సొంత ఆస్తి అమ్మి కట్టాడని తాత చెప్పేవాడు. తేని, కంబం వైపు ఇప్పటికీ చెబుతారు, సంక్రాంతి పొద్దు ఆయన పటానికి పొంగలి పెడతారు. సర్కారు సొమ్ముతో కట్టిన ఆనకట్టకు ఆ ఆస్తి కథ ఎప్పుడు అతుక్కుందో గానీ, మా తాత ముందు మాత్రం నేను నోరెత్తలేదు.

1979లో నేను అయిదో తరగతి. ఆగస్టు 11న గుజరాతులో మచ్చు నది మీది ఆనకట్ట తెగి మోర్వీ పట్నాన్ని ముంచింది. రేడియోలో విన్న పెద్దవాళ్ళు అయ్యో అన్నారు, అంతే. అది మా కాలవ దాకా వస్తుందని ఎవరనుకున్నారు? మోర్వీ తరువాత కేరళ తన కొండ మీది పాత గోడ వంక చూసి భయపడింది. నవంబరులో కేంద్ర జల సంఘం అధ్యక్షుడు కె.సి. థామస్ వచ్చి చూశారు. పనులయ్యేదాకా నీటిని 136 అడుగుల దగ్గర ఆపమన్నారు. అసలు నిండు మట్టం 152.

"పదారు అడుగులే కదా తాతా" అన్నాను నేను.

తాత పుల్ల తీసుకొని నేల మీద గీశాడు. సొరంగం నోరు 104 అడుగుల దగ్గర ఉంది, దానికి కింద ఉన్న నీరు మనకు రాదు. 152లో 104 తీస్తే 48. 136లో 104 తీస్తే 32. "మూడింట్లో ఒకటి పోయె. లోయ పైకి పోయేకొద్దీ వెడల్పు, చూస్తివా, పోయినది ఇంకా ఎక్కువే." ఇంజినీర్లు పెద్ద పట్టికల్లో చూపించే సంగతిని ఆయన పుల్లతో చెప్పాడు. తరువాతి ఏళ్ళలో మా మడకు నీళ్ళు రాని ఏడాదంటూ ఒకటి మొదలైంది. నైనా వేరుశనగకు మారాడు, తరువాత మదురైలో పనికి మారాడు.

ఆ రోజుల్లో మా అరుగు మీద ఒక వాదం తెగేది కాదు. ఆనకట్ట నడుమ ఉన్నది సిమెంటు కాదు, సున్నమూ ఇటుక పొడీ కలిపిన గచ్చు. "మదురైలో తిరుమల నాయకుని మహలు గచ్చు కాదా? మూడు నూర్ల ఏళ్ళుగా నిలబడి ఉండాదే" అనేవాడు తాత. పక్కింటి మేస్త్రీ మామ చుట్ట ఆర్పి జవాబు చెప్పేవాడు: "మహలు నీళ్ళల్లో నిలబడిందా మామా? గోడలోంచి నీళ్ళు ఊరితే సున్నం కరిగి పోతాది. కరిగినంత మళ్ళా నింపితేనే గోడ." మహలు కూడా దానంతటది నిలబడలేదని నేను చాలా తరువాత చదివాను. శిథిలమైపోతుంటే 19వ శతాబ్దంలో గవర్నరు నేపియర్ మరమ్మతు చేయించాడు. మేస్త్రీ మామకు ఈ సంగతి తెలిసుంటే తాతను ఇంకో గంట కూర్చోబెట్టేవాడు.

గోడను నింపడం అంతకు ముందూ జరిగింది. 1930లలో ఒకసారి, 1960లో ఒకసారి బెజ్జాలు వేసి సిమెంటు పాలు ఎక్కించారు. 1979 తరువాత పని పెద్దది. గోడ నెత్తిన కాంక్రీటు కప్పు వేసి బరువు పెంచారు. పైనుంచి కింది రాతి దాకా బెజ్జాలు తొలిచి ఉక్కు తీగెలు దించి బిగించారు. వెనకవైపు పునాది నుంచి ఇంకొక కాంక్రీటు గోడ ఆనించారు. వరద పోవడానికి పది తలుపులుండగా మరో మూడు చేర్చారు. ఇవన్నీ మాకు పుకార్లుగా చేరేవి. "తీగె బిగిస్తా ఉండారంట" అని టీకొట్లో ఒకరంటే, వీణ సరిచేస్తున్నారన్నట్టు నవ్వేవాళ్ళం.

మా వాదంలో ఒక గొంతు లేదని నాకు కంబంలో తెలిసింది. అక్కడ మా పెద్దమ్మ ఇల్లు. ఆ లోయలో తెలుగిళ్ళు చాలా. పొద్దున్నే జీపులెక్కి కొండ మీద ఏలకుల తోటలకు కూలికి పోయేవాళ్ళు, సాయంత్రానికి దిగేవాళ్ళు. కొందరు అక్కడే ఉండిపోయారు. పెద్దమ్మ వీధిలోని ఒకామె కూతుర్ని వండిపెరియార్‌లో టీ తోట లైను ఇంటికిచ్చారు. అది ఆనకట్టకు దిగువన, నది ఒడ్డున. "వాన పడితే మా బిడ్డ నిద్రపోదు" అందామె మామూలు మాటలాగా. నేను ఆ భయం మలయాళీలదనుకొని పెరిగాను. తోట లైన్లలో ఉన్నది మన వైపునుంచి పోయిన కూలీలే.

ఆ తరువాతిదంతా కోర్టు కథ. 2006లో సుప్రీంకోర్టు 142 దాకా నింపుకోమంది. కేరళ 136 దాటకూడదని చట్టం చేసింది. 2011 డిసెంబరులో రెండు రాష్ట్రాల నడుమ కుమిళి సరిహద్దు అట్టుడికింది. 2014 మే 7న ఆ చట్టాన్ని కోర్టు కొట్టేసింది. ఆ నవంబరులో నీళ్ళు 142 తాకాయి, ముప్పై అయిదేళ్ళ తరువాత. తాత అప్పటికి లేడు.

136, 142, 152 అంటూ రెండు రాష్ట్రాలు అరుచుకుంటుంటే, ముసలి ఆనకట్టకు రోజూ చేయాల్సిన చాకిరీ ఎవరి చెవికీ ఎక్కలేదు. నాకు బాగా కోపం తెప్పించేది కరెంటు సంగతి. ఒక ఏనుగు తీగె తగిలి చనిపోయిందని తెంచిన లైను, సుమారు ఇరవై ఏళ్ళ తరువాత 2021లో నేలలో కేబులు వేశాకే మళ్ళీ వచ్చింది. అన్నాళ్ళూ రెండు రాష్ట్రాలు పోట్లాడుకున్న ఆనకట్ట మీద కరెంటు లైను లేదు. పక్కనున్న చిన్న ఆనకట్టను బలపరచడానికి పదిహేను చెట్లు కొట్టుకోమని అదే ఏడాది నవంబరులో కేరళనుంచి అనుమతి వచ్చింది, కొద్ది రోజులకే రద్దయింది. అదే ఏడాది దేశమంతటికీ ఆనకట్టల భద్రత చట్టమూ వచ్చింది.

పోయిన పొంగలికి అందరం కంబంలో కలిశాం. మా తమ్ముడు ఫోన్లో నీటిమట్టం చూసి పైకి చదివాడు. దాని పక్కనే గోడలోంచి నిమిషానికి ఎంత నీరు ఊరుతోందో కూడా రోజూ వేస్తే బాగుండును, కొలుస్తారు కదా అన్నాను. "ఎందుకన్నా, జనాలను బెదిరించేదానికా?" అన్నాడు వాడు. వండిపెరియార్ తోటలో పని చేసే పెద్దమ్మ మనవడు ఆకులో పొంగలి కలుపుకుంటూ, "మాకు ఆ అంకే కావాల మామా" అన్నాడు.