మా నాన్న అడిగిన నంబరు



నేను ఐదో తరగతిలో ఈ హాస్టల్లో చేరిన రోజు వార్డెన్ గారి బల్ల ముందు పెద్ద వరుస ఉంది. సార్ రిజిస్టర్లో నా పేరు రాశారు. మా నాన్నకు చదువు రాదు. వేలిముద్ర వేసి, అక్కడి నుంచి కదలకుండా, "సారూ, మావాడి నంబరెంత?" అని అడిగాడు. "నలభై ఏడు" అన్నారు సార్. నా ట్రంకుపెట్టె మీద, కంచం మీద, దుప్పటి మీద అదే నంబరు వేశారు.

ఎం.సి.ఏ. ప్రాజెక్టుగా హాస్టల్ అడ్మిషన్ల ప్రోగ్రాం జావాలో రాశాను. డేటాబేస్ మైఎస్‌క్యూఎల్. విద్యార్థి పేరు టేబుల్లో చేర్చగానే ఆటో ఇంక్రిమెంట్ నంబరు దానంతట అదే పడుతుంది. ఆ నంబరుతోనే దుప్పటి, పుస్తకాలు ఇచ్చిన వివరం రెండో టేబుల్లో రాయాలి. నంబరు తెలుసుకోవడానికి నేను "అన్నిటికన్నా పెద్ద నంబరెంత?" అని మ్యాక్స్ క్వెరీతో అడిగాను. నేనొక్కడినే వాడినంత కాలం బాగానే నడిచింది.

ఒకరోజు ల్యాబ్‌లో నేనూ, నా మిత్రుడూ రెండు కంప్యూటర్ల నుంచి ఒకేసారి పేర్లు ఎక్కించాం. నా ఇన్సర్టుకూ, నా ప్రశ్నకూ మధ్య అతని ఇన్సర్టు దూరింది. నా పిల్లవాడి దుప్పటి అతని పిల్లవాడి లెక్కలో పడింది. ఎర్రర్ కూడా రాలేదు. అవి ఉత్తుత్తి పేర్లే. అయినా ఆ రాత్రి నిద్ర పట్టలేదు. నిజం హాస్టల్లో అయితే "రెండు దుప్పట్లు ఎందుకు తీసుకున్నావురా?" అని ఏ పాపం ఎరగని పిల్లవాణ్ణి నిలదీసేవారు.

మర్నాడు సరిచేశాను. ప్రిపేర్‌స్టేట్‌మెంట్‌కు రెండో ఆర్గ్యుమెంటుగా స్టేట్‌మెంట్.రిటర్న్_జెనరేటెడ్_కీస్ ఇవ్వాలి. ఎగ్జిక్యూట్‌అప్‌డేట్ అయ్యాక అదే స్టేట్‌మెంట్ మీద గెట్‌జెనరేటెడ్‌కీస్ పిలవాలి. వచ్చిన రిజల్ట్‌సెట్‌లో ముందు నెక్స్ట్, తర్వాత గెట్‌లాంగ్(1). ఆ ఇన్సర్టుకు పడిన నంబరే చేతికొస్తుంది. మధ్యలో ఎంతమంది చేరినా మారదు. ఈ సదుపాయం 2002లో జావా 1.4తోనే వచ్చింది. నేనే చదువుకోలేదు.

నాన్న ఆ రోజు చేసింది ఇదే. రాసిన మనిషినే, రాసిన వెంటనే అడిగాడు. బయటికి వెళ్ళి, తిరిగొచ్చి "చివరి నంబరెంత?" అని అడిగి ఉంటే నేను ఇంకెవరి పెట్టెనో మోసేవాణ్ణి.

మా ఇంట్లో మొదటి డిగ్రీ నాదే. ఈ సంగతి చెబితే నాన్న నవ్వి, "అడగడానికి కూడా చదువు కావాల్రా?" అన్నాడు.

తమ్ముళ్ళూ, ప్రోగ్రాం రాసేటప్పుడు ప్రతి నంబరు వెనకా మనలాంటి పిల్లవాడొకడు పెట్టె పట్టుకుని నిలబడి ఉంటాడని మరిచిపోవద్దు.