నా పాత టీవీ, నా చెవులు



ఇన్నాళ్లూ ఇక్కడ మీ ఆరోగ్యాన్ని గురించి రాస్తూ వచ్చాను. ఈసారి నా సంగతి రాస్తున్నాను. ఒక వైద్యుడు తనలోని లోపాన్ని తాను గుర్తించలేక, ఆ నేరాన్ని ఒక పాత టీవీ మీద మోపి, రెండేళ్లపాటు దానికి చికిత్స చేసిన ఉదంతం ఇది. చదివి నవ్వుకోండి. నవ్విన తరువాత మీ ఇంట్లో టీవీ శబ్దం ఎంత ఎక్కువగా ఉన్నదో ఒకసారి చూసుకోండి.

నాకు చిన్ననాటి నుంచి రేడియోల పిచ్చి. పీయూసీ చదివే రోజుల్లో ఒక అట్టపెట్టెలో ట్రాన్సిస్టర్ రేడియో కట్టి, అందులో ఆకాశవాణి వార్తలు వినబడిన నాడు పొందిన ఆనందం, తరువాత ఎం.బి.బి.ఎస్. పట్టా పుచ్చుకున్న నాడు కూడా పొందలేదు. ఉద్యోగంలో చేరాక సోల్డరింగ్ ఐరన్ అటక ఎక్కింది. పదవీ విరమణ చేసిన వారానికే అటక దిగింది.

మా వెనుక గదిలో కిటికీ పక్కన ఒక బల్ల వేసుకున్నాను. దాని మీద మల్టీమీటరు, భూతద్దం బిగించిన దీపం, ఖాళీ మాత్రల సీసాలలో వేరువేరుగా దాచిన రెసిస్టర్లు, కెపాసిటర్లు ఉంటాయి. ఉదయపు నడక, పత్రిక, ఫలహారం ముగించుకొని పది గంటలకు ఆ బల్ల ముందు కూర్చుంటే భోజనానికి పిలిచేదాకా లేవను. నెలకొకసారి కోఠీలోని గుజరాతీ గల్లీకి వెళ్లి విడిభాగాలు తెచ్చుకుంటాను. బంధువుల ఇళ్లలో మూలపడిన రేడియోలు, టేప్‌రికార్డర్లు ఒక్కొక్కటిగా మా ఇంటికి చేరాయి. మా ఆవిడ ఆ గదికి "జనరల్ వార్డు" అని పేరు పెట్టింది.

ఈ అభిరుచి ఉన్నవారికి వైద్యుడిగా మూడు మాటలు చెప్పి ముందుకు వెళ్తాను. పాతకాలపు పిక్చర్ ట్యూబు 10,000 వోల్టులకు మించిన విద్యుత్తుతో పనిచేస్తుంది. ప్లగ్గు తీసివేసిన తరువాత కూడా ఆ విద్యుత్తు ట్యూబులో నిలిచి ఉండవచ్చు. దాన్ని సురక్షితంగా డిశ్చార్జి చేయడం తెలియనివారు టీవీ వెనుక మూత తీయనే కూడదు. రెండవది, సోల్డరింగ్ చేసేటప్పుడు లేచే పొగ ఉబ్బసాన్ని కలిగించగలదు. కిటికీ తెరిచి, పొగ ముఖానికి తగలకుండా పని చేయాలి. మూడవది, మనం వాడే సోల్డరులో సాధారణంగా సీసం ఉంటుంది. చేతులు సబ్బుతో కడుక్కోకుండా ఏదీ తినకూడదు.

ఇక అసలు సంగతి. ఆ వార్డులోని రోగులందరిలో నాకు ప్రియమైనది మా ఇరవై అంగుళాల నలుపు తెలుపు టీవీ. 1986లో కొన్నాము. దేశంలో రంగుల ప్రసారాలు 1982లోనే మొదలైనా, అప్పటి నా జీతానికి నలుపు తెలుపే అందుబాటులో ఉండేది. మరుసటి సంవత్సరం జనవరిలో రామానంద్ సాగర్ "రామాయణ్" మొదలైంది. ఆదివారం ఉదయం మా హాలులో ఇరుగుపొరుగువారు చాపలు పరుచుకొని కూర్చునేవారు. శుక్రవారం సాయంత్రం చిత్రలహరి వేళకు పిల్లల హోంవర్కులు ఎక్కడివక్కడే ఆగిపోయేవి. అలాంటి టీవీని పాత సామానుల వాడికి ఇచ్చివేయడానికి నాకు మనసు ఒప్పలేదు. ఎండిపోయిన కెపాసిటర్లు మార్చి, దుమ్ము తుడిచి, విరిగిన సోల్డరు అతుకులను మళ్లీ అతికి బతికించాను. పెన్‌డ్రైవులో దాచుకున్న పాత కార్యక్రమాలను ఒక చిన్న మీడియా ప్లేయరు నుంచి, ఆర్.ఎఫ్. మాడ్యులేటరు ద్వారా దాని యాంటెన్నా సాకెట్టుకు అందిస్తాను. రోజూ సాయంత్రం ఒక గంటసేపు ఆ గదిలో 1980ల నాటి కాలం నడుస్తుంది.

బొమ్మ చక్కగా వచ్చింది. మాట మాత్రం ముద్దగా వచ్చేది. పాత్రలు మాట్లాడుతున్నట్టు తెలిసేది గాని ఏమి మాట్లాడుతున్నదీ స్పష్టంగా తెలిసేది కాదు. ఆడియో భాగంలో లోపం ఉన్నదని నిర్ధారించాను. ముందు కప్లింగ్ కెపాసిటర్లు మార్చాను, తరువాత వాల్యూమ్ కంట్రోలు శుభ్రం చేశాను, ఆ తరువాత స్పీకరే మార్చాను. మార్చిన ప్రతిసారీ రెండు రోజులు బాగున్నట్టు అనిపించి, మూడవ రోజు మళ్లీ మామూలే. చివరకు వాల్యూమ్ పెంచడమే చికిత్స అయింది. నేను టీవీ పెట్టగానే మా ఆవిడ మంచినీళ్ల గ్లాసు అక్కడ పెట్టి, తలుపు దగ్గరగా వేసి వెళ్లిపోయేది. సీరియల్ నచ్చక వెళ్లిపోతున్నదని అనుకున్నాను.

ఆ రోజుల్లోనే మరి రెండు సంఘటనలు జరిగాయి. మా ఇంట్లోని డిజిటల్ థర్మామీటరు జ్వరం చూశాక కూత పెట్టడం మానేసింది. రెండుసార్లు బ్యాటరీ మార్చాను. ఇంకొకనాడు మా ఆవిడ హాలులోంచి "పాలు చూడండి" అన్నది. నేను వంగి నా కాలు చూసుకున్నాను. కాలికి ఏమీ కాలేదు. వంటింట్లో పాలు పొంగిపోయాయి. ఈ రెంటినీ టీవీతో కలిపి ఆలోచించాలని నాకు తోచలేదు. రోగి ఒకేసారి మూడు లక్షణాలు చెబితే వాటి వెనుక ఒకే కారణం ఉన్నదేమో వెతకమని జూనియర్లకు ఏళ్ల తరబడి చెప్పినవాణ్ణి నేనే.

వేసవి సెలవులకు మా అమ్మాయి కొడుకు వచ్చాడు. పదేళ్లవాడు. నేను టీవీ స్విచ్చి వేయగానే రెండు చెవులూ మూసుకున్నాడు.

"తాతయ్యా, ఆ కూత ఏమిటి? చెవిలో సూదితో గుచ్చినట్టుంది" అన్నాడు.

వాల్యూమ్ సున్నాలో ఉన్నది. ఏ కూతా లేదని చెప్పాను. ఉన్నదని వాడు పట్టుబట్టాడు. అయితే పరీక్షిద్దామని వాణ్ణి గోడ వైపు తిప్పి నిలబెట్టాను. స్విచ్చి చప్పుడు వినబడకుండా గుడ్డ అడ్డం పెట్టి, ఒకసారి వేసీ ఒకసారి వేయకుండానూ పదిసార్లు అడిగాను. పదిసార్లూ సరిగ్గా చెప్పాడు.

అప్పుడు నాకు లెక్క గుర్తుకు వచ్చింది. మన దూరదర్శన్ పాల్ పద్ధతిలో ఒక చిత్రానికి 625 గీతలు. సెకనుకు 25 చిత్రాలు. ఈ రెంటినీ గుణిస్తే 15,625. అంటే టీవీలో మెకానిక్కులు ఈహెచ్‌టీ అని పిలిచే ట్రాన్స్‌ఫార్మరు సెకనుకు 15,625 సార్లు కంపిస్తూ సన్నని కూత పెడుతుంది. ఈ టీవీ కొన్న కొత్తలో ఆ కూత నేనూ విన్నాను. పక్క గదిలో ఉండి కూడా టీవీ వేసి ఉన్నదని చెప్పగలిగేవాణ్ణి. అది ఎప్పుడు వినబడడం మానేసిందో నాకు తెలియనే తెలియదు.

ఇక్కడ ఒక మాట స్పష్టంగా చెప్పాలి. ఆ కూత వినబడకపోవడం జబ్బు కాదు. వయసు పెరిగేకొద్దీ అంత హెచ్చు ధ్వనులు వినగలిగే శక్తి అందరికీ తగ్గుతుంది. నన్ను కలవరపెట్టినది వేరు. ఇంకా ఏమేమి వినడం లేదో అన్న ప్రశ్న మొదటిసారి పుట్టింది. వాణ్ణి పిలిచి థర్మామీటరు చేతిలో పెట్టాను. "మోగుతోంది కదా తాతయ్యా" అన్నాడు.

మరుసటి రోజే నాతో కలిసి పనిచేసిన ఒక చెవి, ముక్కు, గొంతు వైద్యుణ్ణి కలిశాను. గులిమి అడ్డుపడిందేమో ముందు చూశాడు. లేదు. శబ్దం చొరబడని గదిలో కూర్చోబెట్టి 250 నుంచి 8,000 హెర్ట్‌జ్ వరకు పరీక్ష చేయించాడు. దీన్ని ఆడియోమెట్రీ అంటారు. నొప్పి లేదు, సూది లేదు. ఒక్కొక్క స్థాయిలో ఎంత చిన్న శబ్దాన్ని వినగలుగుతామో అది కొలుస్తుంది. 20 డెసిబెల్స్ లోపు వినగలిగితే మామూలు వినికిడి. నా గీత 1,000 దాకా దాదాపు సమంగా నడిచి, 2,000 దగ్గర దిగడం మొదలుపెట్టి, 4,000 వద్ద 55కు, 8,000 వద్ద 70కి జారిపోయింది. రెండు చెవులలోనూ ఒకే తీరు. వయసుతో వచ్చే వినికిడి లోపానికి పాఠ్యపుస్తకంలో వేసిన బొమ్మలా ఉన్నది.

మన లోపలి చెవిలో నత్తగుల్ల ఆకారంలో కాక్లియా అనే భాగం ఉంటుంది. ఒక్కొక్క చెవిలో అటూ ఇటుగా 15,000 రోమకణాలు ధ్వనిని గ్రహించి నాడి ద్వారా మెదడుకు పంపుతాయి. హెచ్చు ధ్వనులను గ్రహించే కణాలు ముఖద్వారం దగ్గర ఉంటాయి. సాధారణంగా మొదట అవే దెబ్బతింటాయి. వయసుతో పాటు ఏళ్ల తరబడి విన్న రొద, మధుమేహం, రక్తపోటు, పొగతాగడం, జెంటామైసిన్ వంటి కొన్ని మందులు కూడా ఇందుకు తోడు కావచ్చు. ఎండిపోయిన కెపాసిటరుకు బదులు గుజరాతీ గల్లీలో కొత్తది దొరుకుతుంది. చచ్చిపోయిన రోమకణం మనిషిలో మళ్లీ మొలవదు.

తెలుగువారికి ఈ లోపం ఎలా ఉంటుందో చెప్పడం తేలిక. మన మాటలు ఎక్కువగా అచ్చులతో ముగుస్తాయి. అచ్చుల బలం తక్కువ స్థాయి ధ్వనులలో ఉంటుంది. క, త, ప, స, శ వంటి హల్లులను ఒకదాని నుంచి ఒకటి వేరు చేసే గుర్తులు చాలావరకు హెచ్చు ధ్వనులలో ఉంటాయి. కనుక మాట తోక వినబడుతుంది, తల వినబడదు. పాలు, కాలు, తాలు అన్నీ ఒకటే అవుతాయి. "వినబడుతోంది గాని అర్థం కావడం లేదు" అని పెద్దలు అనేది ఇందుకే. వాల్యూమ్ పెంచితే ఇప్పటికే వినబడుతున్న అచ్చులు మరింత బిగ్గరగా మోగుతాయి. పక్కవారికి అది రొద, మనకు మాత్రం మాట ముద్దే. వినికిడి యంత్రం చేసే పని వేరు. ఎక్కడ తగ్గిందో అక్కడ, ఎంత తగ్గిందో దాన్ని బట్టి పెంచుతుంది.

యంత్రం పెట్టుకోమంటే నేను వారం రోజులు వెనుకాడాను. ఎందరో రోగులకు నచ్చజెప్పిన నేనే, చెవిలో యంత్రంతో పెళ్లిళ్లకు ఎలా వెళ్లడమని ఆలోచించాను. ముప్పై ఏళ్లుగా ముక్కు మీద కళ్లద్దాలు ఉన్నాయన్న స్పృహ అప్పుడు రాలేదు. చివరకు పెట్టుకున్నాను. మొదటి వారం నరకం. వార్తాపత్రిక మడిస్తే ఉరుము, కుళాయి తిప్పితే జలపాతం. మెదడు మరిచిపోయిన శబ్దాలను మళ్లీ నేర్చుకోవడానికి కొన్ని వారాలు పడుతుందని మిత్రుడు ముందే హెచ్చరించాడు గనుక ఓర్చుకున్నాను. చాలామంది ఈ దశలోనే యంత్రాన్ని బీరువాలో పెట్టేస్తారు.

మూడవ వారంలో ఒక సాయంత్రం మా ఆవిడ కూరగాయలు తరుగుతూ, "రాత్రి మళ్లీ నిద్ర పట్టలేదు" అని తనలో తాను అనుకున్నది. "ఏమి, ఎందుకని?" అన్నాను. ఆమె చేతిలోని కత్తి ఆగిపోయింది.

"వినబడిందా?" అన్నది. కాసేపు ఊరుకొని చెప్పింది. "అరికాళ్లు తిమ్మిరెక్కుతున్నాయి. మూడుసార్లు చెప్పాను మీకు. మూడుసార్లూ 'సరే, చూద్దాం' అన్నారు. ఇక చెప్పడం మానేశాను. రెండేళ్లుగా అవసరమైన మాటలే చెబుతున్నాను. ఏ మాటైనా రెండోసారి గట్టిగా చెప్పేసరికి, అది చెప్పదగ్గ మాటలాగే అనిపించదు."

నేను ఆ మూడుసార్లూ వినలేదు. విననట్టు ఒప్పుకోవడం ఇష్టం లేక తల ఊపాను. ఆసుపత్రిలో నా ఎదుట కూర్చున్న ప్రతి రోగి చెప్పినదీ చివరిదాకా విన్నానని గర్వపడేవాణ్ణి. నా ఇంటి రోగి చెప్పినది వినలేదు. పరీక్ష చేయిస్తే ఆమెకు విటమిన్ బి12 బాగా తక్కువగా ఉన్నదని తేలింది. చికిత్స మొదలుపెట్టాము, తిమ్మిర్లు చాలావరకు తగ్గాయి. మరీ ఆలస్యమైతే నరాలకు శాశ్వతమైన నష్టం కలిగి ఉండేది. అప్పటి నుంచి వినబడకపోతే "వినబడలేదు, మళ్లీ చెప్పు" అంటున్నాను. ఈ చికిత్సకు ఖర్చు లేదు.

మీరు గమనించవలసినవి ఇవి. టీవీ శబ్దం ఎక్కువైందని ఇంట్లోవారు తరచు అంటున్నారా? నలుగురు కూడినచోట మాట అందడం లేదా? స్త్రీల, పిల్లల మాటలు ముఖ్యంగా అర్థం కావడం లేదా? అందరూ గొణుగుతున్నారని మీకు అనిపిస్తోందా? అయితే ఆడియోమెట్రీ చేయించుకోండి. బడ్స్‌తో చెవులు శుభ్రం చేయకండి. గులిమి ఇంకా లోపలికి పోతుంది. ఒక చెవి ఉన్నట్టుండి వినబడకపోతే అది అత్యవసరం, ఆ రోజే వైద్యుణ్ణి కలవండి. మలివయసులో మతిమరుపు జబ్బుకు దారితీసే, మనం సరిదిద్దుకోగల కారణాలలో వినికిడి లోపం ఒకటని లాన్సెట్ కమిషన్ 2020 నివేదికలో పేర్కొన్నది. వినికిడి తగ్గిన ప్రతివారికీ ఆ జబ్బు వస్తుందని దీని అర్థం కాదు. మాటలు తగ్గి మనిషి ఒంటరి కావడం మాత్రం నేను మా ఇంట్లోనే చూశాను.

టీవీ ఇప్పటికీ నడుస్తూనే ఉన్నది. మునుపటి స్పీకరునే మళ్లీ బిగించాను. దానికి ఏ జబ్బూ లేదు. వాల్యూమ్ సగానికి దిగింది. గదిలో రెండో కుర్చీ వెలిసింది. 15,625 కూత నాకు ఈ యంత్రంతో కూడా వినబడదు, ఇక వినబడబోదు. దాని అవసరమూ నాకు లేదు.

వంటింట్లోంచి పిలుపు వచ్చింది. మొదటిసారికే అందింది. ఇక సెలవు.