శనివారపు పాటలో తప్పెటకు చోటు



మా ఊరి పిల్లలు కొందరు బెంగుళూరులో పని చేస్తున్నారు. అక్కడ కొన్ని బార్లలో వారానికొక రాత్రి ఎవరైనా తమ వాద్యము తెచ్చుకొని, ఒకరికొకరు తెలియకపోయినా, కలిసి వాయించవచ్చునట. ఒక పిల్లవాడు క్రిస్మసుకు వచ్చినప్పుడు ఈ సంగతి చెప్పి, "మన శనివారం పాటల మాదిరే మామా, కాకపోతే ఆడ బీరు గ్లాసులుంటాయి" అన్నాడు. అందరమూ నవ్వాము. అయితే అది నవ్వి విడిచిపెట్టే మాట కాదు. మా శనివారపు పాటలకూ సారాయి అంగడికీ ఒకప్పుడు నిజంగానే సంబంధముండినది. ఆ సంగతి మీతో పంచుకోవాలని ఇది వ్రాస్తున్నాను.

మాది అనంతపురం జిల్లాలో కళ్యాణదుర్గం వైపు ఒక మెట్టపల్లె. నైరుతి మేఘాలను పడమటి కనుమలు అడ్డుకుంటాయి. తూర్పు సముద్రమా, చాలా దూరము. సంవత్సరానికి సగటున 550 మిల్లీమీటర్ల వాన అని లెక్క చెబుతారు గాని, ఆ కొంచెము కూడా అదనుకు పడదు. బుడ్డలు విత్తి ఆకాశము వైపు చూసి కూర్చునే ఊళ్ళు మావి. అలాంటి చోట పైసా ఖర్చు లేని సంతోషము పాట ఒక్కటే.

శనివారము రాత్రి సంగటి తిని, ఎనిమిదిన్నరకు గుడి అరుగు మీద కూర్చుంటాము. పిలుపు లేదు, పేర్ల పట్టిక లేదు. ఎవరు వస్తే వారే పాటగాళ్ళు. ఒక్కొక్కరు ఒక్కొక్క పాట ఎత్తుకోవాలి. పల్లవి అందరిది, చరణము ఎత్తుకున్నవారిది. వరస తెలియనివారు ఒక చరణము ఊరకే విని, తరువాత చెయ్యి కలుపుతారు. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకములో ప్రతి పాటకు పైన రాగము, తాళము అచ్చువేసి ఉంటాయి. పురుషోత్తమ చౌదరిగారి (1803–1890) వంటి భక్తులు మన దేశపు రాగతాళాలలోనే వ్రాశారు గదా. మా ఊరిలో ఆ రాగాల పేర్లు చదివి పాడేవారు లేరు. అవ్వలు పాడగా అమ్మలు, అమ్మలు పాడగా మేము నేర్చుకున్నాము.

నేను గంజీర వాయిస్తాను. పూర్వము దానికి ఉడుము తోలు బిగించేవారు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము ఉడుమును కాపాడుతున్నది గనుక నాది మేకతోలు. మా ఎండగాలికి తోలు ఊరకే బిగిసిపోతుంది. వేలితో నాలుగు చుక్కల నీళ్ళు రాస్తేనే గుమ్మని పలుకుతుంది. మా చిన్నాయన హార్మోనియము వాయించేవాడు. తాళాలు ఆడవాళ్ళ చేతిలో ఉండేవి.

ఇక సారాయి అంగడి సంగతి. మా ఊరిలో ఒక తప్పెట అన్న ఉండేవాడు. జాతరలకు, పెండ్లిండ్లకు, చావులకు కొట్టేవాడు. సాయంత్రమైతే సారాయి అంగడి ముందర కొట్టేవాడు. తాగేవారు పాడేవారు, ఆడేవారు. అదే ఆయన వారము, అదే ఆయన కూలి. నెల్లూరు జిల్లా దూబగుంట ఆడపడుచులు 1992లో లేపిన ఉద్యమము రాష్ట్రమంతా అంటుకొని, 1993 అక్టోబరు 1 నుండి సారాయి నిషేధము వచ్చింది. అంగడి మూతపడింది. తప్పెట గోడకు ఎక్కింది. కొన్ని వారాలకు ఒక శనివారము ఆయన మా గుడి బయట వేపచెట్టు క్రింద కూర్చొని, తొడ మీద వేళ్ళతో మా పాటకు తాళము వేయడము చూశాము. మరుసటి వారము తప్పెట చంకన పెట్టుకొని వచ్చాడు. "నన్నూ ఒక పాటకు రానిస్తారా?" అని అడిగాడు.

సంఘములో పెద్ద తర్జనభర్జన జరిగింది. "సారాయి అంగడి కాడ కొట్టింది, పీనుగు ముందర కొట్టింది, గుడి ముందర ఎట్ల కొడతాడు?" అని ఒక పెద్ద గట్టిగా అన్నాడు. ఆ మాటను తేలికగా తీసివేయకూడదు. మన తాతల కాలములో తప్పెట కొట్టడము చాలామందికి ఇష్టముతో చేసిన పని కాదు. ఊరి చాటింపుకు, జాతరకు, శవము ముందర నడవడానికి అది వెట్టి. ప్రభువును నమ్ముకొన్న అనేక కుటుంబాలు మొట్టమొదట విడిచిపెట్టినది ఆ తప్పెటనే. "ఇకమీదట కొట్టము" అని చెప్పగలగడమే వారికి విడుదల. తప్పెట శబ్దములో ఆ పెద్దకు వినిపించినది సంగీతము కాదు, తన తండ్రి పడిన అవమానము. మరుసటి సంవత్సరము, 1994లో, మాదిగ దండోరా ఉద్యమము అదే తప్పెటను ఆత్మగౌరవపు గుర్తుగా ఎత్తిపట్టింది. మా అరుగు మీద వాదము మాత్రము దానికి ముందే వచ్చింది.

మా ఉపదేశిగారు ఎవరి పక్షమూ మాట్లాడలేదు. నిర్గమకాండము 15వ అధ్యాయము తీసి, సముద్రము దాటిన తరువాత మిర్యాము చేసినదేమిటో చదివించారు. ఆమె చేతిలో తంబుర ఉన్నదని మన తెలుగు బైబిలు చెబుతుంది. తంబుర అనగానే మనకు తీగలు మీటే తంబుర గుర్తుకు వస్తుంది. కాని హెబ్రీ భాషలో ఆ వాద్యము పేరు తోఫ్. గుండ్రని చట్రానికి తోలు బిగించి చేతితో కొట్టేది. అంటే నా గంజీరకు, ఆ అన్న తప్పెటకు దగ్గరి చుట్టము! దాసత్వములో నుండి బయటికి వచ్చిన జనము తోలువాద్యము విసిరివేయలేదు, దానితోనే స్తుతించారు. అప్పుడు ఒక అవ్వ, "ప్రతిసారీ అగ్గి సెగకు కాగే తప్పెటకు ఇంకా మైలేమిటప్పా?" అన్నది. వ్యతిరేకించిన పెద్ద చాలాసేపు మాట్లాడలేదు. చివరకు, "నేను వెనక కూర్చుంటా, కొట్టనీండి" అన్నాడు.

వాద్యాలకు వాకిలి మూయడము మన ఊరిలోనే జరిగిందనుకోవద్దు. నేడు గుడిగుడినా ఉన్న హార్మోనియమును ఆకాశవాణి వారు 1940 నుండి 1971 వరకు తమ స్టూడియోలలోకి రానివ్వలేదు. మన రాగాల గమకాలు దాని మెట్లకు లొంగవని వారి కారణము. తరువాత వారే తలుపు తీశారు.

రానిచ్చినంత మాత్రాన పాట కుదరలేదు. తప్పెట పది ఊళ్ళకు వినబడే వాద్యము. మొదటి రాత్రి పాట మునిగిపోయింది, అవ్వల గొంతు వినబడలేదు. ఆయనకు ఎవరూ చెప్పవలసిన పని లేకపోయింది. రెండవ పాటకే పుల్లలు ప్రక్కన పెట్టి వేళ్ళతో కొట్టాడు. చరణములో ఆగేవాడు, పల్లవికి వచ్చేవాడు. ఆయన తోలును చెత్తమంట దగ్గర కాచేవాడు, నేను నా తోలును నీళ్ళతో తడిపేవాడిని. ఒకదానికి నిప్పు, ఒకదానికి నీరు. కూర్చున్నది ఒకే అరుగు. వాన పడిన రాత్రి తప్పెట మెత్తబడి పలికేది కాదు. ఆ రాత్రి ఆయన ఊరకే కూర్చొని పాడేవాడు. వాన పడినందుకు అందరికంటే ఎక్కువ సంతోషించేవాడు కూడా ఆయనే.

1995లో వచ్చిన సంపూర్ణ మద్యనిషేధము 1997లో సడలింది. బ్రాందీ అంగడి వచ్చింది. ఇక ఆయన రాడని కొందరన్నారు. ఆయన తాగుడు పూర్తిగా మానలేదు, అది నిజము. కాని శనివారము మాత్రము ముట్టేవాడు కాదు. "తాగితే తాళము తప్పుతుందబ్బీ, అవ్వలు నగుతారు" అనేవాడు. "వారానికి ఒక రాత్రి మా ఇంట్లో నెమ్మది" అని ఆయన భార్య చెప్పేది. బాప్తిస్మము పొందాడా అని అడిగేవారున్నారు. పొందలేదు. కాని ఒంట్లో శక్తి ఉన్నంతకాలము శనివారము తప్పలేదు. ఆయన పోయినప్పుడు మా సంఘమంతా వెంట నడిచింది. ఆ రోజు తప్పెట పట్టినది, ఒకనాడు వద్దన్న ఆ పెద్ద కొడుకు.

ఇప్పుడు మరొక ప్రశ్న వచ్చింది. చాలా సంఘములలో కీబోర్డు ఉన్నది. మీట నొక్కితే అదే తాళము వేస్తుంది. దానిని నేను తప్పు పట్టను. మా పిల్లవాడొకడు చక్కగా వాయిస్తాడు. కాని మీట నొక్కిన తాళము ఎవరి కోసమూ ఆగదు. అవ్వ మధ్యలో ఊపిరి తీసుకుంటే అది ముందుకు వెళ్ళిపోతుంది. తప్పెట అన్న ఆగేవాడు. అందుచేత మేము, శనివారము రాత్రి మట్టుకు తాళము మనుష్యుల చేతులతోనే వేయాలని, కీబోర్డు స్వరము మాత్రమే ఇవ్వాలని అనుకున్నాము. పిల్లవాడు ఒప్పుకున్నాడు. ఇప్పుడు అవ్వల వైపు చూసి వాయిస్తున్నాడు.

ప్రియులారా, మీ ఊరిలో కూడా గోడకు వ్రేలాడుతున్న తప్పెట ఒకటి ఉండవచ్చును. చెట్టు క్రింద కూర్చొని తొడ మీద తాళము వేసుకొనేవారు ఒకరు ఉండవచ్చును. వారానికి ఒక రాత్రి అరుగు ఊడ్చి దీపము పెట్టండి. వచ్చినవానిని ముందు పాడనివ్వండి. ప్రశ్నలు తరువాత అడగవచ్చును. బాగా వాయించేవారు, బలహీనమైన గొంతు కొరకు కొంచెము ఆగడము నేర్చుకోండి. ప్రభువు మీ కుటుంబాలను, మీ పొలాలను దీవించును గాక.