కాగితపు రాక్షసులు

పిల్లలూ! అమెరికా పటం తీసి మిచిగన్ మహాసరస్సును వెతకండి. దాని దక్షిణపు కొస దగ్గర చికాగో నగరం ఉన్నది. అక్కడినుంచి వాయవ్యంగా సుమారు 80 మైళ్ళు పోతే, విస్కాన్సిన్ రాష్ట్రంలో లేక్ జెనీవా అనే ఊరు వస్తుంది. మీ పటంలో దాని పేరు ఉండకపోవచ్చు. జనాభా 8,000 పైచిలుకు మాత్రమే. అయినా ఈనాడు లోకంలో ఎక్కడెక్కడి పిల్లల బల్లలమీదనో నిలబడి భయపెట్టే బుల్లి భూతాలలో చాలావాటికి పుట్టినిల్లు ఈ ఊరే!

మా అమ్మాయి కుటుంబం చికాగో సమీపంలో ఉండటంచేత నేను ఈ ఊరు చూడగలిగాను. ఊరిని ఆనుకుని ఏడున్నర మైళ్ళ పొడవున సరస్సు ఉన్నది. దాని చుట్టూ ధనికుల భవంతులు. కాని గట్టువెంట 21 మైళ్ళ కాలిబాట ఉన్నది. అది ఆ భవంతుల ముంగిళ్ళలోనుంచే పోతుంది, దానిమీద ఎవరైనా నడవవచ్చు. వేసవిలో ఒడ్డున ఉన్న ఇళ్ళకు ఉత్తరాలు పడవలో వస్తాయి. పడవ ఆగదు! ఉత్తరాలు పంచేవారు రేవుబల్లమీదికి దూకి, ఉత్తరం పెట్టెలో వేసి, పరుగెత్తుకొచ్చి కదిలే పడవలోకి మళ్ళీ దూకాలి. గురి తప్పితే స్నానమే.

ఇక మన రాక్షసుల సంగతి. ఈ ఊళ్ళో సెంటర్ స్ట్రీట్ అనే వీధిలో గ్యారీ గైగాక్స్ అనే ఆయన కాపురముండేవాడు. 1970లో ఆయనకు ఇన్సూరెన్సు కంపెనీలో ఉద్యోగం పోయింది. చెప్పులు బాగుచేసి కుటుంబాన్ని పోషించేవాడు. యుద్ధక్రీడలంటే ఆయనకు ప్రాణం. నేలమాళిగలో ఇసుక పోసిన పెద్ద బల్లమీద బొమ్మసైన్యాలు నిలిపి, స్నేహితులతో యుద్ధాలు ఆడేవాడు. సెయింట్ పాల్ నగరంలో డేవ్ ఆర్నెసన్ అనే యువకుడు ఇటువంటి ఆటనే ఇంకొక విధంగా ఆడించేవాడు. అందులో ఒక్కొక్కరికి ఒక సైన్యం కాక, ఒక్కొక్కరికి ఒక్క వీరుడే ఉంటాడు. ఇద్దరూ కలిసి తయారుచేసిన ఆట 1974లో వెలువడింది. దాని పేరు డంజన్స్ అండ్ డ్రాగన్స్. అంటే చీకటి కొట్లూ, రెక్కల మహాసర్పాలూ అన్నమాట. మొదట 1,000 పెట్టెలు తయారుచేశారు. పెట్టె ధర 10 డాలర్లు.

ఆట ఎలా ఆడతారు? ఒకరు కథ చెపుతారు. మిగిలినవారు కథలోని వీరులు. "ఎదుట గుహ ఉన్నది, లోపల ఏదో గుర్రుమంటున్నది. ఏం చేస్తారు?" అని కథకుడు అడుగుతాడు. వీరుడు వేసిన దెబ్బ తగిలిందా, లేదా అన్నది పాచిక తేలుస్తుంది. ఆ పాచికలు మనం ఎరిగినవి మాత్రమే కావు. 4, 6, 8, 12, 20 ముఖాలు కలవి. ముఖాలన్నీ సమానంగా ఉండే క్రమ ఘనరూపాలు ఈ అయిదే అని రేఖాగణితం చెపుతుంది, కాదా? బడులకు లెక్కల సామగ్రి అమ్మేవారి జాబితాలోనే గైగాక్స్‌కు ఇవి దొరికాయట. ఇది విన్నప్పుడు, లెక్కల మాస్టరునైన నాకు కలిగిన సంతోషం మీరు ఊహించుకోవచ్చు.

భూతాలు ఎక్కడినుంచి వచ్చాయో వింటే నవ్వు వస్తుంది. హాంకాంగులో తయారై, చవక దుకాణాల్లో సంచీకి ఇంత అని అమ్మే ప్లాస్టిక్ బొమ్మలు కొన్ని గైగాక్స్‌కు దొరికాయి. అవి ఏ జంతువులో చెప్పటం ఎవరి తరమూ కాదు. ఒకదాని తోక కొసన పంకా రెక్కలాంటిది ఉన్నది. దానికి ఆయన 'తుప్పు భూతం' అని పేరు పెట్టాడు. అది తాకితే చాలు, వీరుడి ఇనుప కవచం తుప్పుపట్టి రాలిపోతుంది! ఇంకొక బొమ్మ గుడ్లగూబ తల ఎలుగుబంటి అయింది.

తరవాత తరవాత సీసపు బొమ్మలు వచ్చాయి. బొమ్మలతోపాటు ధరలూ వచ్చాయి. 1980లో టెక్సాస్ రాష్ట్రపు ఆస్టిన్ నగరంలో స్టీవ్ జాక్సన్ గేమ్స్ అనే సంస్థ ఒక ఉపాయం పన్నింది. డెనిస్ లూబే అనే చిత్రకారుడి చేత వీరులనూ, భూతాలనూ గీయించి, అట్టమీద రంగులలో అచ్చువేసి అమ్మింది. మడిచి నిలబెడితే బొమ్మ తయారు! ఇప్పుడు ఇళ్ళలోనే ప్రింటర్లు ఉన్నాయి గనుక ఎవరు గీసిన బొమ్మ అయినా క్షణంలో అచ్చు అవుతుంది. కాగితం బొమ్మ పలచగా ఉంటుంది, అదేం బొమ్మ అని కొందరు పెద్దలు పెదవి విరుస్తారు. తోలుబొమ్మ మాత్రం పలచనిది కాదా? పది తలల రావణుడు తెరమీదికి వస్తే, పలచగా ఉన్నాడని ఎవరైనా లేచిపోయారా?

ఈ ఆటలో మన రాక్షసుడు కూడా ఉన్నాడు. 1977లో వెలువడిన వారి భూతాల పుస్తకంలో డేవిడ్ ట్రాంపియర్ అనే చిత్రకారుడు ఆయనను గీశాడు. పులితల, మంచి దుస్తులు, పొగ పీల్చే పైపు! మా మనుమడు ఆ బొమ్మ చూసి, "తాతయ్యా, రాక్షసుడికి పులితల ఉంటుందా?" అని అడిగాడు. మన కథల్లోని రాక్షసులు కామరూపులు గనుక, పులితల పెట్టుకున్నా తప్పులేదన్నాను. కాని కోరలూ, మిడిగుడ్లూ, మెలితిప్పిన మీసాలూ లేని రాక్షసుడు వాడికి నచ్చలేదు. కాగితం చేతిలో ఉండగా బెంగ ఎందుకు? కూచుని తన రాక్షసుణ్ణి తనే గీశాడు.

మీరూ గీయండి. ఈ ఆటలో బల్లమీద 1 అంగుళం 5 అడుగులతో సమానం. ఆరడుగుల మనిషి అంగుళంపైన అయిదోవంతు ఎత్తు ఉంటాడు. 20 అడుగుల రాక్షసుడు ఎంత ఉండాలి? లెక్క కట్టి, దళసరి కాగితంమీద వాణ్ణి ముందునుంచి గీయండి. వాడి తలకు పైన, తలకు తల ఆనేటట్టు, వాడి వీపును తలకిందులుగా గీయండి. తలల దగ్గర మడిచి, జిగురు పెట్టి అతికించండి. పాదాలకింద అరంగుళం కాగితం వదలటం మరవవద్దు; ఆ రెండు రెక్కలనూ చెరొకవైపుకు విప్పి అట్టముక్కకు అంటించాలి. ఫాను గాలికి మా వాడి రాక్షసుడు ఊరికే పడిపోతుంటే, అట్టకింద రూపాయి బిళ్ళ అతికించాము. కత్తిరించిన అంచులు తెల్లగా కనిపిస్తే నల్ల స్కెచ్ పెన్ను ఒకసారి పూయండి.