పనిముట్టూ, పనివాడూ

ఫోను తెరమీద ఏ మీట ఎక్కడ వుండాలి, దానిని నొక్కితే ఏమి జరగాలి అన్నది ముందుగా గీసి చూపడం బెంగుళూరులో నా వుద్యోగం. దీనిని ఇంటరాక్షన్ డిజైన్ అంటారు.

వడ్రంగికి తన బాడిసె మీద వుండే మమకారమే మాకూ మా పనిముట్ల మీద వుంటుంది. అయితే ఎన్నిక మాత్రం తరచు మన చేతిలో వుండదు. 2010లో వచ్చిన స్కెచ్‌తో బొమ్మ గీయాలంటే మాక్ యంత్రమే కావాలి. 2016లో అందరికీ అందిన ఫిగ్మాలోనో, ఒకే బొమ్మ మీద పదిమంది ఒకేసారి పనిచేయవచ్చు. జట్టు ఎటు పోతే మనమూ అటే గదా!

ఇందులో ఒక చిక్కు వున్నది. బాడిసె పోయినా, దానితో చెక్కిన పీట ఇంట్లో వుంటుంది. మా బొమ్మలు పనిముట్టులోనే కాపురం వుంటాయి. ఇన్‌విజన్ అనే సేవ 2024 చివర మూతపడింది. దానిని వాడినవారు తమ బొమ్మలను ముందుగానే దింపుకోవలసి వచ్చింది.

అందుచేత నేను మొదట కాగితం, పెన్సిలు తీస్తాను. నిగనిగలాడే బొమ్మ చూపితే చూసేవారు రంగు గురించే మాట్లాడతారు. పెన్సిలు గీత చూపితే, "ఇది నొక్కితే ఎక్కడికి పోతాము?" అని అడుగుతారు. నాకు కావలసినది ఆ ప్రశ్నే.

మన పిల్లలెవరైనా ఈ వృత్తిలోకి వస్తే వారికి నా మనవి ఒక్కటే: జట్టు వాడే పనిముట్టును శ్రద్ధగా నేర్చుకోండి. ఆ మీటను అక్కడ ఎందుకు పెట్టారో మాత్రం మీ నోటుపుస్తకంలో వ్రాసి వుంచుకోండి. రేపు పనిముట్టు మారినా ఆ కారణం మీ దగ్గరే వుంటుంది.